రేట్ల టైము

భూకంపం వచ్చినా సిమెంటు షేరు కదిలితేనే మాకు వార్త. ధనరేఖ టీవీలో చేరిన కొత్తలో ఎవరో సరదాగా ఈ మాటంటే పడీ పడీ నవ్వాను. ఏడాది తిరిగేసరికి కొత్తగా వచ్చినవాళ్ళకు నేనే చెప్పడం మొదలుపెట్టాను, నవ్వకుండా.

మాది బిజినెస్ ఛానల్. తెరకు కుడిపక్కన షేర్ల ధరలు, కింద ఇంకొన్ని ధరలు పరిగెడుతుంటాయి. మిగిలిన జాగాలో యాంకర్ ఉంటాడు. మార్కెట్ తెరిచి ఉన్నంతసేపూ మార్కెట్టే. లోకంలో ఏం జరిగినా సరే, 'ఇతర వార్తలు' పేరుతో గంటకోసారి రెండు నిమిషాలు. ఎన్నికలైనా, వరదలైనా, రైలు పట్టాలు తప్పినా ఆ రెండు నిమిషాల్లోనే ఒకదాని పక్కన ఒకటి సర్దుకుని కూర్చోవాలి.

ఈ లెక్కలన్నీ చూసేది హైదరాబాద్ డెస్కులో సుకుమార్ గారు. ఆయన్ని తిట్టుకోని రిపోర్టర్ లేడు గానీ ఆయన మాటలో న్యాయం లేకపోలేదు. "వరద చూడాలనుకునేవాడికి ఇరవై ఛానళ్ళున్నాయి. మన దగ్గరికి వచ్చేవాడు దేనికి వస్తాడో అది ఇవ్వాలి కదా" అంటారు. పైగా ఒకసారి నిర్ధారించుకోని వార్త వేసి ఓ కంపెనీ షేరు కుప్పకూలితే ఛానల్ క్షమాపణ చెప్పుకోవాల్సి వచ్చింది. పాలు తాగి నోరు కాల్చుకున్నవాడు మజ్జిగ కూడా ఊదుకుని తాగుతాడంటారు. ఆ తర్వాత మా సుకుమార్ గారు మంచినీళ్ళు కూడా ఊదుకునే తాగుతున్నారు.

నా పేరు వాణి. నెల్లూరు జిల్లా రిపోర్టర్ని. రోజూ పొద్దున పదకొండింటికి నాకూ రెండు నిమిషాలున్నాయి. ముత్తుకూరులో రొయ్యల కొనుగోలు షెడ్డు ముందు నిలబడి, కిలోకు ముప్పై తూగే ముప్పై కౌంటు ఎంత పలుకుతోంది, వంద కౌంటు ఎంత పలుకుతోంది అని లైవ్‌లో చదవాలి. చీర మడత నలగకూడదు, ముఖాన చెమట కనపడకూడదు. చుట్టూ వచ్చే కంపు సంగతి మాత్రం ప్రేక్షకులకు తెలియదు కాబట్టి బతికిపోయాను.

ఆ రెండు నిమిషాల కోసం రొయ్యల గుంటల కట్టల మీద జనం చకోర పక్షుల్లా కాచుకుని ఉంటారు. ప్రతి కాపలా షెడ్డులోనూ ఓ టీవీ, దానికి ఎవరిదో ఒకరి ఫోన్ నుంచి నెట్టు. అసలే ఆ పక్క సిగ్నల్ అంతంతమాత్రం. ఫోన్ వస్తే నెట్టు ఆగుతుంది, నెట్టు ఆగితే బొమ్మ నిలిచిపోతుంది. అందుకని రేట్ల టైములో ఫోన్ మోగితే ఎవరని కూడా చూడరు, కట్ చేసిపారేస్తారు. కట్టుకున్న పెళ్ళాం చేసినా అంతే. "రేట్ల టైములో ఫోన్ జేసేటోడు పగోడన్నా అయ్యుండాల, ఇన్సూరెన్సు ఏజెంటన్నా అయ్యుండాల" అంటాడు పద్మనాభయ్య. ఉప్పుకాలవ పక్కన ఆయనకు మూడు గుంటలున్నాయి. కాలవ గట్టు మీదే ఆయన షెడ్డు. పదిన్నర కొట్టేసరికి ఆ చుట్టుపక్కల కాపలావాళ్ళంతా ఆ షెడ్డులోనే ఉంటారు.

ఆరోజు పదిన్నర దాటుతుండగా నేనూ మా కెమెరామెన్ ముఖేషూ కొనుగోలు షెడ్డు ముందు టీ తాగుతున్నాం. మునెయ్య బైకు మీద వచ్చి మా ముందు ఆగాడు. నీలసాగర్ కెమికల్స్ ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పని చేస్తాడు. హెల్మెట్టు కూడా తీయలేదు.

"అక్కా, కాస్టిక్ పైపు పగిలిపోయింది. గేట్లు మూసేసినారు. ఎవురికీ చెప్పొద్దంటుండారు. గోడెనక కాలవలోకి పోతుండాది."

కాస్టిక్ సోడా అంటే సబ్బుల తయారీలో వాడేది. చూడ్డానికి నీళ్ళలాగే ఉంటుంది, వాసన ఉండదు. ఒంటికి తగిలితే మొదట జిగురుగా, సబ్బునీళ్ళలా జారుతుంది. మంట ఆ తర్వాత మొదలవుతుంది. మంట తెలిసేసరికే చర్మం పోయి ఉంటుంది. ఆ ఫ్యాక్టరీ మీద నేను చేసిన కథనాలన్నీ లాభాల గురించే అయినా ఈ మాత్రం తెలుసుకున్నాను.

ఫ్యాక్టరీ దగ్గరే. ఐదు నిమిషాల్లో గోడ వెనక ఉన్నాం. పైపు అతుకు దగ్గర తెల్లగా ధార కొడుతోంది. గోడ కింది తూములోంచి బయటికొచ్చి మురుగు కాలవలోకి, అక్కణ్ణించి ఉప్పుకాలవలోకి పోతోంది. కాలవలో ఒడ్డు పక్కన చేపపిల్లలు వెల్లకిలా తేలుతున్నాయి. సెక్యూరిటీ అధికారి ఒకాయన పరిగెత్తుకొచ్చి కెమెరాకు చెయ్యి అడ్డం పెట్టాడు. నేను మైకు పెట్టేసరికి చెయ్యి తీసి, చొక్కా సర్దుకుని, "చిన్న లీకేజీ అండీ. కంట్రోల్ చేస్తున్నాం" అన్నాడు. చాలు. లీకయిందని కంపెనీ నోటి నుంచే వచ్చింది.

కెమెరా దించాక ముఖేష్ కాలవ వైపు చూస్తూ ఉండిపోయాడు.

"అక్కా, ఈరోజు పాటు నీళ్ళు. మాయమ్మోళ్ళు కాలవలో ఉండారు."

వాళ్ళమ్మ కామమ్మ. సముద్రం వెనక్కి తగ్గి కాలవలో నీళ్ళు నడుము లోతుకు పడినప్పుడు ఆ ఊరి ఆడవాళ్ళు రొయ్యలు తడమడానికి దిగుతారు. వలలుండవు, గాలాలుండవు. నీళ్ళలో కూర్చుని, బురదలో రెండు చేతులతో తడుముతూ, తగిలిన రొయ్యను తీసి పళ్ళ మధ్య కరిచి పట్టుకున్న తాటాకు బుట్టలో వేసుకుంటారు. నోట్లో బుట్ట ఉంటుంది కాబట్టి మాటలుండవు. ఫోన్లు ఇళ్ళ దగ్గరే. అలా గంటల తరబడి నీళ్ళలోనే.

"యాడ దిగినారు?"

"పద్మనాభయ్య షెడ్డు కింద."

నేను పద్మనాభయ్యకు ఫోన్ చేశాను. ఒక్కసారి మోగింది. కట్. మళ్ళీ చేశాను. కట్. టైము చూసుకున్నాను. షెడ్డులో అప్పటికే టీవీ ముందు చేరి ఉంటారు. కాలవకు నాలుగడుగుల దూరంలో కూర్చుని, నన్ను చూడ్డం కోసం నా ఫోనే కట్ చేస్తున్నాడు మహానుభావుడు.

ముఖేష్ ఊళ్ళో వాళ్ళందరికీ చేశాడు. నాన్న రమణయ్య సముద్రం మీద చేపల వేటకు పోయి ఉన్నాడు, మగవాళ్ళంతా ఆయనతోనే ఉన్నారు. ఆడవాళ్ళు కాలవలో ఉన్నారు. నేను 108కి చేస్తే "పేషెంట్ ఎక్కడున్నారు మేడం?" అని అడిగింది ఆ అమ్మాయి. పేషెంట్లు ఇంకా కాలేదు తల్లీ, అవ్వబోతున్నారు అని చెప్తే ఆమెకు ఎట్లా అర్థమవుతుంది? తాసిల్దారు ఆఫీసులో ఫోన్ మోగి మోగి ఆగిపోయింది.

"నువ్వు పో. నేను టీవీలో చెప్తా" అన్నాను.

వాడు వీడియో డెస్కుకు పంపి, కెమెరా నా చేతిలో పెట్టి బైకెక్కాడు. వంతెన చుట్టి పోవాలి. దారి బాగుంటే అరగంట. ఆ దారి బాగున్న రోజు నేను చూడలేదు.

మునెయ్య బైకు మీద కొనుగోలు షెడ్డుకు తిరిగొచ్చి సుకుమార్ గారికి ఫోన్ చేశాను. ఊపిరి తీసుకోకుండా మొత్తం చెప్పాను. పైపు, కాలవ, కాలవలో ఆడవాళ్ళు, షెడ్డులో టీవీ.

"వాణీ, నాకు అర్థమైంది. కానీ ఇది లోకల్ వార్త. ఇతర వార్తలు అయిపోయాయి, పదకొండుకు నీ రేట్లున్నాయి కాబట్టి మళ్ళీ పన్నెండుకే. ఏదైనా జనరల్ ఛానల్ వాళ్ళకు చెప్పకూడదా?"

"వాళ్ళు చూసేది మన ఛానల్ సార్. ఇప్పుడు, ఈ నిమిషంలో చూస్తున్నారు."

"ఈ టైములో మార్కెట్ ఆపి కాలవ గురించి చెప్తే రేపు నన్నేమంటారు?"

కోపం నెత్తికెక్కింది. ఆయనకు వినపడే భాష ఒకటే ఉంది. ఆ భాషలోనే చెప్పాను. "సార్, నీలసాగర్ లిస్టెడ్ కంపెనీ. పైపు పగిలి ప్లాంటు ఆగిపోయింది. షేరు పడుద్ది."

అవతల కీబోర్డు చప్పుడు. "కంపెనీ వాళ్ళు కెమెరా ముందు ఒప్పుకున్నారా? ఆ, వీడియో వచ్చింది. గుడ్. ఎక్సలెంట్ వాణీ."

హమ్మయ్య అనుకున్నాను. అంత పిచ్చిదాన్ని.

రెండు నిమిషాల్లో పడింది. ఎర్ర పట్టీ మీద పెద్దక్షరాలు: 'నీలసాగర్ ప్లాంట్‌లో లీకేజీ, ఉత్పత్తికి బ్రేక్.' పక్కన బాణం కిందికి. నేను ఫోన్లో చూస్తుండగానే షేరు దిగడం మొదలైంది. ఎక్కడికి పారుతోందో లేదు, ఏం లీకయిందో లేదు. కాలవ అన్న మాటే లేదు.

"సార్, కాలవ?"

"కాలవలో కలిసిందని కంపెనీ ఒప్పుకోలేదు కదమ్మా. అది ఆరోపణ అవుతుంది. కలెక్టర్ ఆఫీసు నుంచి ఒక్క మాట తెచ్చుకో, పన్నెండు గంటలకు ఇతర వార్తల్లో వేద్దాం."

"మనుషులు సార్!"

"నువ్వు లైవ్‌కి రెడీగా ఉండు. నీ రేట్లు కొంచెం వెనక్కి పోతాయి. ఇప్పుడు నీలసాగర్ మీద డిస్కషన్ నడుస్తోంది."

నా చెవిలో పెట్టుకున్న ఇయర్‌ఫోన్‌లో స్టూడియో మాటలు వస్తున్నాయి. ఒక నిపుణుడు గొంతు సవరించుకున్నాడు. భయపడేవాళ్ళు ఇప్పుడే బయటికి వచ్చేయడం మంచిదన్నాడు. ఇంకో నిపుణుడు, కంగారు పడొద్దు, దీర్ఘకాలంలో కోలుకుంటుందన్నాడు. యాంకర్ మధ్యలో నవ్వాడు కూడా. అక్కడ కాలవలో కామమ్మ నోట బుట్ట కరిచి పట్టుకుని, ఈ నీళ్ళేంది ఇట్లా జారుతుండాయి అనుకుంటూ ఇంకో అడుగు ముందుకు జరుగుతూ ఉంటుంది. నాకు ఆ దృశ్యం కళ్ళ ముందు కదులుతుంటే చెవిలో ఈ దీర్ఘకాలం. మైకు తీసి ఎవడి నెత్తినన్నా కొట్టాలనిపించింది.

పద్మనాభయ్యకు మళ్ళీ చేశాను. కట్. మళ్ళీ. కట్. ఆయన ఓపిక ఆయనది. రేట్లు రాలేదు కాబట్టి ఇంకా కాచుకునే ఉన్నాడు, కాచుకున్నంతసేపూ ఫోన్ కట్ చేస్తూనే ఉంటాడు.

ముఖేష్ నుంచి ఫోన్. రొప్పుతున్నాడు. "అక్కా, ఫ్యాక్టరీ లారీలన్నీ వంతెన మీద ఇరుక్కుపోయినాయి. బండి ఆడ్నే పారేసినా. పరిగెత్తుతుండా. నువ్వు చెప్పినావా?"

"చెప్తుండా రా."

"ఇంగా చెప్పలేదా?"

వాడే పెట్టేశాడు.

పదకొండూ పది దాటింది. చెవిలో ప్రొడ్యూసర్ గొంతు: "వాణీ గారూ, ముప్పై సెకన్లలో మీకు వస్తున్నాం. రొయ్యల రేట్లు. క్లుప్తంగా ఒక నిమిషం చాలు."

సరేనన్నాను. ఏం చదవబోతున్నానో చెప్తే నా దగ్గరికి రానే రారు. కెమెరా పట్టే ముఖేష్ లేడు కాబట్టి ఫోన్‌నే స్టాండుకు తగిలించి, రేట్ల కాగితం చేతిలో పట్టుకుని నిలబడ్డాను. కొనుగోలు షెడ్డులో ఐసు కొడుతున్నవాళ్ళు పని ఆపి నా వైపు చూస్తున్నారు. నా మొహం ఎట్లా ఉందో నాకు తెలియదు.

"ఇప్పుడు ముత్తుకూరు నుంచి మా ప్రతినిధి వాణి..."

"పద్మనాభన్నా!" అని అరిచాను. నమస్కారం లేదు, ధనరేఖ ప్రేక్షకులకు స్వాగతం లేదు. "పద్మనాభన్నా, నీతోనే చెప్తుండా. ఉప్పుకాలవలో కాస్టిక్ కలిసింది. ఒళ్ళు కాల్చేస్తది. నీ షెడ్డు కింద కామమ్మోళ్ళు నీళ్ళలో ఉండారు. లెయ్యి! అందర్నీ పైకి పిలువు!"

"వాణీ గారూ, రేట్లు! రేట్లు చదవండి!" చెవిలో ప్రొడ్యూసర్.

ఇయర్‌ఫోన్ పీకేశాను. షెడ్డులో వాళ్ళు రేట్ల కోసం ఇంకా కూర్చుంటారేమోనని భయం వేసింది. నాకు వాళ్ళు తెలుసు. ఆకాశం ఊడిపడుతున్నా వంద కౌంటు ఎంతో తెలుసుకుని లేచే రకం. కాగితం ఎత్తి కెమెరాకు చూపించి నిలువునా చించేశాను. "ఈరోజు రేట్లు లేవు! చెప్పను! ఆడోళ్ళు గట్టెక్కిందాకా చెప్పను! లెయ్యండన్నా! మోటార్లు ఆపండి, కాలవ నీళ్ళు తోడొద్దు..."

ఫోన్ తెర మీద నా బొమ్మ పోయింది. స్టూడియో వచ్చింది. యాంకర్ నోరు తెరిచి, మూసి, బంగారం ధరల్లోకి వెళ్ళిపోయాడు.

ఎంతవరకు వెళ్ళిందో తెలియదు. పేరు వరకు వెళ్ళిందా? కాలవ వరకు వెళ్ళిందా? పద్మనాభయ్యకు ఫోన్ చేశాను. మోగింది. రెండోసారి మోగింది. మూడోసారి. ఎవరూ కట్ చేయలేదు. మోగి మోగి దానంతటదే ఆగిపోయింది.

మళ్ళీ చేశాను. మళ్ళీ చివరిదాకా మోగింది.

అంటే పద్మనాభయ్య షెడ్డులో ఎవరూ లేరు, లేచి కాలవకు పరిగెత్తారు. ఆ చినిగిన కాగితాల మధ్య అక్కడే కూర్చుండిపోయి బావురుమన్నాను. ఐసు కొట్టేవాళ్ళలో ఒకామె వచ్చి నా తల మీద చెయ్యి వేసింది.

* * *

అందరూ బయటికొచ్చారు. ఒడ్డుకు దగ్గరగా ఉన్నవాళ్ళకు కాళ్ళు బొబ్బలెక్కాయి, అంతే. కామమ్మ అందరికంటే ముందు, ఫ్యాక్టరీ వైపు ఉంది. రొయ్యలు ఆ పక్కన ఎక్కువ తగులుతున్నాయని పోయిందట. చచ్చిపోతున్న రొయ్య అడుగున ఆగదు, చేతికి తొందరగా దొరుకుతుంది. పాపం ఈరోజు అదృష్టం బాగుందనుకుంది. పద్మనాభయ్య కట్ట మీది నుంచి అరిచినా ఆమెకు వినపడలేదు. ఆయన పంచెతోనే దూకి, చెయ్యి పట్టి ఈడ్చుకొచ్చాడు. బోరునీళ్ళు పోస్తుండగా ముఖేష్ చేరుకున్నాడు.

సాయంత్రం నెల్లూరు ఆసుపత్రి వరండాలో పద్మనాభయ్య బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. రెండు కాళ్ళకూ మోకాళ్ళ దాకా కట్లు. నన్ను చూసి తల తిప్పుకున్నాడు.

"అన్నా, నువ్వు లేకపోతే..."

"ముందే చూసినాను మ్మా" అన్నాడు. "ఎర్రంగా పడింది గదా, నీలసాగర్ అని. మేమందరం చూసినాం. పాపం షేర్లు కొన్నోళ్ళు మునిగిపోయినారే అనుకున్యాం కూడా. కాలవ అని ఒక్క మాట లేదే దాంట్లో. ఒక్క మాట మ్మా. అప్పుడే లేస్తును గదా నేను." కాళ్ళ కట్ల వైపు చూసుకున్నాడు. "నీ ఫోన్ గూడా కట్ జేసినా. ఎన్ని తూర్లు జేసినానో."

ఆయన పక్కన కూర్చున్నాను.

రాత్రి కాకముందే సుకుమార్ గారు ఫోన్ చేశారు. గొంతులో సంతోషం, సంకోచం రెండూ ఉన్నాయి. నీలసాగర్ వార్త అన్ని ఛానళ్ళకంటే ముందు మనమే బ్రేక్ చేశామని, మేనేజ్‌మెంట్ చాలా మెచ్చుకుందని చెప్పారు. రేట్ల టైములో చేసిన దానికి మాత్రం మెమో వస్తుందని, పెద్దగా పట్టించుకోవద్దని చెప్పారు. "ఆ కామమ్మ ఎలా ఉంది?" అని కూడా అడిగారు. మంచి మనిషే. చెప్పాను గదా, తిట్టుకోవడమే గానీ.

మర్నాడు పొద్దున వార్డులోకి వెళ్ళాను. కామమ్మకు నడుము కిందంతా కాలింది. కుడికాలి సంగతి డాక్టరు ఇంకా ఏమీ చెప్పడం లేదు. రెండు చేతులూ మణికట్ల దాకా తెల్లటి మూటల్లా ఉన్నాయి. బురదలో రొయ్య మీసం తగిలితే కౌంటు చెప్పేదట ఆ చేతులతో. ముఖేష్ ఆమెకు చెంచాతో గంజి తాగిస్తున్నాడు. నా మొహం చూడకుండానే కుర్చీ నా వైపు జరిపాడు.

పక్క మంచం ఆయన కూడా గుంటలున్నాయనే. పదకొండవుతోందని గోడ మీది టీవీ మా ఛానల్‌కు మార్పించుకున్నాడు. నా స్థానంలో ఇంకెవరో రేట్లు చదవబోతున్నారు. ఈలోపు కుడిపక్కన పట్టీలో నీలసాగర్ పేరు వచ్చింది, బాణం పైకి తిరిగి ఉంది. దీర్ఘకాలం ఒక్క రోజులోనే వచ్చేసింది. తర్వాత ఢమఢమ సంగీతంతో మా ఛానల్ ప్రకటన వచ్చింది. నిన్నటి ఎర్ర పట్టీ, ఫ్యాక్టరీ గోడ వెనక ముఖేష్ తీసిన ధార, యాంకర్ గంభీరమైన గొంతు: "నీలసాగర్ లీకేజీ... అందరికంటే ముందే చెప్పింది ధనరేఖ!"

కామమ్మ గంజి మింగడం ఆపింది. తెర మీది ధారను చూసింది, తన చేతుల్ని చూసుకుంది, తర్వాత నన్ను చూసింది. ఆమె కళ్ళలో కోపం లేదు. ఉంటే బాగుండేది.

"ముందే చెప్పినారంట గదా వాణమ్మా" అంది. "ఎవురికి చెప్పినారు?"